షిఫ్టు దిగాక ఖరగ్‌పూర్

ఖరగ్‌పూర్ శివార్లలోని విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కుకు ఊరు చూద్దామని ఎవరూ రారు. యంత్రం బిగించాలి, ఆడిట్ ముగించాలి, ఆగిపోయిన లైను నడిపించాలి. పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వేసిన ఈ పార్కులో పని తెమిలేసరికి పొద్దు వాలుతుంది. ఆ తర్వాత లాడ్జి గది, ఇంటికి ఫోను, కాసేపు సెల్లు, నిద్ర. డ్యూటీ మీద ఊళ్లు తిరిగే ఇంజినీర్లు, టెక్నీషియన్లు చాలామందికి సాయంత్రాలు ఇలాగే గడిచిపోతాయి. విశాఖ నుంచి దాదాపు 760 కిలోమీటర్లు వచ్చి, ఫ్యాక్టరీ గేటుకీ గదికీ మధ్య రోడ్డు తప్ప మరేమీ చూడకుండా తిరుగు రైలెక్కేస్తారు.

ఖరగ్‌పూర్‌లో ఇలా జరగడం మరీ బాధాకరం. ఈ ఊరిని కట్టుకున్నదే డ్యూటీ మీద వచ్చినవాళ్లు.

19వ శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్ వేసింది. 1900లో రూప్‌నారాయణ్ నది మీద వంతెన పూర్తయి హౌరాతో దారి కలిసింది. ఆ వెనకే పెద్ద వర్క్‌షాపు లేచింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఫిట్టర్లు, ఖలాసీలు, గుమస్తాలు కుటుంబాలతో సహా తరలివచ్చారు. తమిళులు, ఒడియావాళ్లు, పంజాబీలు, బిహారీలు కూడా వచ్చారు. అందుకే దీన్ని మినీ ఇండియా అంటారు. 1920ల్లో ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపించి, సమ్మెలో ముందు నిలిచినవాడు వి.వి. గిరి. బరంపురంలో తెలుగు ఇంట పుట్టిన ఆ నాయకుడే 1969లో రాష్ట్రపతి అయ్యాడు. నూరేళ్లు దాటినా ఇక్కడి వాడల్లో తెలుగు వినిపిస్తూనే ఉంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించిందంటే, ఆ నిర్ణయం వెనక ప్రధానంగా ఉన్నది ఈ ఊరి తెలుగువాళ్లే.

కాబట్టి సాయంత్రం గోల్ బజార్ వైపు నడిచిన తెలుగు ఉద్యోగికి వినోదం వెతుక్కునే పని ఉండదు. టిఫిన్ బండి దగ్గర ఫోనులో ఇంటికి తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు. “ఏ ఊరండీ మీది?” అని పక్కనుంచి పలకరింపు రావచ్చు. అది ఉత్తరాంధ్ర యాసలోనే ఉంటుంది. ఆ యాస తాతల నాడు రైలెక్కి వచ్చింది, మధ్యలో కొంచెం బెంగాలీ, కొంచెం హిందీ కలుపుకుంది. మాట కలిసిందంటే చుట్టరికాలు ఆరా తీయడం మొదలవుతుంది. పలాస అంటే పలాసలో ఎక్కడని అడుగుతారు. తెలుగు వాడల్లో మాతా పూజల రోజులైతే, వచ్చినవాణ్ణి ప్రసాదం పెట్టకుండా వదలరు. దసరాకైతే ఊరంతా రావణ్ మైదానానికి కదులుతుంది, రావణ దహనం చూడ్డానికి.

తెలియనివాళ్లతో మాట కలపడానికి మనిషి వెనకాడేది ఎందుకో షికాగోలో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ అనే పరిశోధకులు పరీక్షించి చూశారు. రైల్లో రోజూ పనికి వెళ్లేవాళ్లలో కొందరిని పక్కవారితో మాట్లాడమన్నారు, కొందరిని తమ లోకంలో తాము ఉండమన్నారు. మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా అనిపించింది. చిత్రమేమిటంటే, ఏది బాగుంటుందో ఊహించి చెప్పమని వేరేవాళ్లను అడిగితే, మౌనంగా కూర్చోవడమే నయమన్నారు. 2014లో అచ్చయిన ఈ పరిశోధన లాడ్జి గదుల్లో ఒంటరిగా భోంచేసే ఉద్యోగులందరూ తెలుసుకోదగ్గది. అవతలివాడు విసుక్కుంటాడేమోనన్న అనుమానమే నోరు కట్టేస్తోంది. అడుగు ముందుకు వేస్తే అది చాలావరకు తేలిపోతుంది.

మాటలకు మొహమాటపడేవాళ్లకు ఆట ఉంది. డ్యూటీకీ ఆటకీ ఈ ఊళ్లో ఉన్న బంధానికి మహేంద్ర సింగ్ ధోనీని మించిన సాక్ష్యం లేదు. 2001 నుంచి 2003 దాకా ఆయన ఖరగ్‌పూర్‌లో టికెట్ ఎగ్జామినర్. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడిన ప్లాట్‌ఫారం ఇక్కడిది, 1,072 మీటర్లకు పైగా ఉంటుంది. ఆ ప్లాట్‌ఫారం మీద టికెట్లు చూసి, రైల్వే జట్టుకు ఆడి, అది చాలక ఊళ్లో టెన్నిస్ బంతి క్రికెట్టూ ఆడేవాడు. 2004 డిసెంబరులో భారత జట్టులోకి వచ్చాడు. ఆ జీవితం మీద 2016లో సినిమా వచ్చాక ఈ స్టేషను దేశమంతటికీ తెలిసింది. ఆయన ఎదుగుదల అందరికీ దొరికేది కాదు. ఖాళీ మైదానంలో ఒక ఆటగాడు తక్కువైనప్పుడు కొత్తవాణ్ణి రమ్మని పిలవడం మాత్రం మన దేశంలో ఏ ఊళ్లోనైనా జరిగేదే. బూట్లు విప్పి ఫీల్డింగుకు దిగినవాడికి పరిచయ వాక్యాలు అక్కర్లేదు.

ఇక తిండి. మేదినీపూర్ జిల్లాల్లో సాయంత్రమంటే మురీ, అంటే మన మరమరాలు. వాటిలో ఆలూ చాప్ చిదిమి, బఠాణీ ఘుగ్ని పోసుకుని, పచ్చిమిర్చి కొరుక్కుంటూ తింటారు. ఉత్తరాంధ్ర నోటికి ఇది కొత్త కాదు. గయనా బడి మాత్రం చూసి తీరాలి. మినప్పిండిని గసగసాల మీద నగల నమూనాల్లో చుడుతూ ఆడవాళ్లు పెట్టే వడియం అది. వేయించడానికి చేతులు రానంత అందంగా ఉంటుంది.

ఆదివారం సెలవు దొరికితే హౌరా వైపు లోకల్ రైలెక్కి బాలీచక్‌లో దిగి, అక్కణ్ణుంచి రోడ్డు దారిన పింగ్లా దగ్గరి నయా గ్రామానికి వెళ్లొచ్చు. అది పటువాల ఊరు. ఆకులు, పూలు, గింజల నుంచి తీసిన రంగులతో పొడవాటి కాగితాల మీద కథలు బొమ్మలుగా గీస్తారు. చుట్టను ఒక్కో బొమ్మ చొప్పున విప్పుతూ ఆ కథ పాడతారు. వీళ్లలో ఎక్కువమంది ముస్లింలు, పాడేది రామాయణమూ మనసా దేవి కథా. మన చేర్యాల నకాషీ చుట్టలు చూసినవాళ్లయితే ఇక్కడ మాట్లాడుకోవడానికి పూటంతా చాలదు. ఫోనులో ఒక చేర్యాల బొమ్మ ఉంచుకుని వెళ్లడం మంచిది. భాష రాకపోయినా, దాన్ని చూపించగానే చిత్రకారుడు రంగుల గిన్నె పక్కనపెట్టి అది ఎలా గీశారని అడగడం మొదలుపెట్టవచ్చు.