వార్తల్లో పదం: ప్రత్యేక వివాహ చట్టం

మతాచారాలతో నిమిత్తం లేకుండా పెళ్లి చేసుకునేవారి కోసం 1954లో పార్లమెంటు చేసిన చట్టమిది. హనుమకొండ జంటకైనా, హైదరాబాద్ జంటకైనా పద్ధతి ఒకటే. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివసిస్తున్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. దాన్ని ఆఫీసులో అందరికీ కనబడేలా అతికిస్తారు. 30 రోజుల్లోగా చెల్లుబాటయ్యే అభ్యంతరం రాకపోతే అధికారి, ముగ్గురు సాక్షుల సమక్షంలో పెళ్లి జరుగుతుంది. పురోహితుడు, పాస్టర్, ఖాజీ ఉండి తీరాలన్న నియమం లేదు.

వివాదమేమిటి?
వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలన్నది నిబంధన. ఇలా వరుడు, వధువు అని వేర్వేరుగా చెప్పడంతో స్వలింగ జంటలకు తలుపు మూసుకుపోయింది. తమ పెళ్లిని ఈ చట్టం కింద గుర్తించాలంటూ హైదరాబాద్‌కు చెందిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ 2022లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. మతాల వ్యక్తిగత చట్టాల జోలికి వెళ్లబోమని ధర్మాసనం విచారణ మొదట్లోనే చెప్పింది. పెళ్లి ప్రాథమిక హక్కు కాదని ఐదుగురు న్యాయమూర్తులూ 2023 అక్టోబరు 17న తేల్చారు. పెళ్లికి బదులు మరో చట్టబద్ధ గుర్తింపునైనా ఇవ్వాలన్న వాదన 3-2తో వీగిపోయింది. రివ్యూ పిటిషన్లనూ 2025 జనవరిలో కొట్టేశారు.

స్వలింగ వివాహాలను గుర్తిస్తే మతస్వేచ్ఛకు భంగమా?
రాజ్యాంగంలోని 25, 26 అధికరణాలు విశ్వాసానికి, మతసంస్థల సొంత వ్యవహారాలకు రక్షణనిస్తాయి. ఏ గుడీ, చర్చీ, మసీదూ తన నమ్మకానికి విరుద్ధంగా పెళ్లి చేయనక్కర్లేదు. బ్రిటన్ 2013 చట్టం మతసంస్థలకు ఈ రక్షణనిస్తూనే స్వలింగ వివాహాలను గుర్తించింది. అయితే ఆస్పత్రిలో ఆపరేషన్‌కు సమ్మతి సంతకం, పింఛను, వారసత్వం వంటివి మతాలిచ్చేవి కావు, చట్టమిచ్చేవి. వాటిని పౌరులందరికీ సమానంగా అందించే బాధ్యత పార్లమెంటుదే.