ముప్పై కోటలు, ఒక్క ‘వద్దు’

చొప్పదండికి పొరుగునే ఉన్న ఎలిగేడు మండలంలో ధూళికట్ట అనే ఊరుంది. ఊరి దగ్గర పొలాల మధ్య పాత మట్టికోట దిబ్బ కనిపిస్తుంది. ఇలాంటి దిబ్బల్ని మన వైపు పాటిగడ్డలంటాం. ఒకనాటి ఊరు మట్టిలో కలిసిపోగా మిగిలిన గడ్డలివి. పొలానికి బలమని రైతులు ఎన్నో పాటిగడ్డల నుంచి పాటిమన్ను బండ్లకెత్తి తోలుకున్నారు. వాన వెలిసిన మర్నాడు అలాంటి చోట నడిస్తే కాలికింద నల్లవీ ఎర్రవీ కుండపెంకులు తగులుతాయి.

ధూళికట్టలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు మట్టి ప్రాకారం, కోట ద్వారాలు, బౌద్ధ స్తూపం, పడగ విప్పిన నాగును చెక్కిన సున్నపురాయి పలకలు బయటపడ్డాయి. పెద్దపల్లి దగ్గరి పెద్దబంకూరులో ఇటుక బావులు, వేల కొద్దీ నాణేలు దొరికాయి. వాటిలో రోమన్ నాణేలూ ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో తొలి శాతవాహన రాజు శ్రీముఖుని నాణేలు దొరికాయి. అంటే గ్రీసు, రోము మనకు మరీ పరాయి కథలేమీ కావు. రోము సొమ్ము మన పక్క ఊరి దాకా వచ్చింది. భారతదేశపు సరుకులకు ఏటా 5 కోట్ల సెస్టర్సులు తరలిపోతున్నాయని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు కూడా.

ఆ ప్లినీయే ఆంధ్రుల గురించి ఒక లెక్క రాశాడు. వాళ్లకు ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయన్నాడు. క్రీ.పూ. 300 ప్రాంతంలో చంద్రగుప్త మౌర్యుని దగ్గరికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు నుంచి ఈ లెక్క తీసుకున్నాడని పండితులు భావిస్తారు. ఆ ముప్పై కోటల్లో ధూళికట్ట ఒకటని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. గ్రూప్స్ పరీక్షలకు చదివే మన పిల్లలకు ఈ అంకెలన్నీ కంఠతా వచ్చు.

అయితే బలగం ఎంతో చెప్పే ఈ లెక్క, ఆ బలగాన్ని ఎప్పుడు కదపాలో ఎవరు తేల్చేవారో చెప్పదు. ‘ఈ యుద్ధం వద్దు’ అని ఎవరైనా అనగలిగేవారా, అంటే ఏమయ్యేదో చెప్పదు. మన కోటలు గోడల్ని మిగిల్చాయి, నాణేల్ని మిగిల్చాయి గానీ సభలో మాటల్ని మిగల్చలేదు. గ్రీకులు, రోమన్లు మనకు పనికొచ్చేది ఇక్కడే. వాళ్లు గెలుపులతో పాటు తమ పొరపాట్లనూ, వాటికి దారితీసిన వాదనలనూ రాసిపెట్టుకున్నారు.

నదీ తీరంలో ఆగిన చక్రవర్తి

క్రీ.పూ. 326లో అలెగ్జాండర్ సేన పంజాబులో బియాస్ నది ఒడ్డుకు చేరింది. ఇల్లు వదిలి ఎనిమిదేళ్లయింది. వారాల తరబడి వాన, నానిన బట్టలు, తుప్పుపట్టిన ఆయుధాలు. నది అవతల గంగా తీరపు రాజుకు వేల ఏనుగులున్నాయని కబురు. అలెగ్జాండర్ ముందుకే పోదామన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. చివరికి కోయినస్ అనే సేనాని లేచి, సైనికులు ఇంటిముఖం పట్టాలనుకుంటున్నారని చెప్పాడు. అలెగ్జాండర్ అలిగి మూడు రోజులు గుడారంలోంచి బయటికి రాలేదు. సైన్యం కరగలేదు. శకునాలు బాగాలేవని చెప్పి వెనక్కి మళ్లాడు.

కోయినస్ ధైర్యం ఎంతటిదో తెలియాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. ఒక విందులో, తాగిన మత్తులో, తనను ఎదిరించి మాట్లాడిన క్లీటస్‌ను అలెగ్జాండర్ బల్లెంతో పొడిచి చంపాడు. ఒకప్పుడు యుద్ధంలో తన ప్రాణం కాపాడిన మనిషే ఆ క్లీటస్. అలాంటి రాజు ముందు నిజం చెప్పాలంటే ప్రాణం పణంగా పెట్టాలి. బియాస్ దగ్గర వినబడిన మాట మరో చోట వినబడలేదు. మరుసటి ఏడాది గెడ్రోషియా ఎడారి గుండా సేనను నడిపించి వేలమందిని పోగొట్టుకున్నాడు. వినడం రాజు దయ మీద ఆధారపడితే ఇంతే, ఒకరోజు వింటాడు, ఇంకోరోజు వినడు.

రెండో ఓడ

ఏథెన్సులో రాజు లేడు. పౌరులు సభకు చేరి చేతులెత్తి నిర్ణయించేవారు. క్రీ.పూ. 427లో లెస్బోస్ దీవిలోని మిటిలీన్ నగరం వాళ్ల మీద తిరగబడి లొంగిపోయింది. కోపం మీదున్న సభ, అక్కడి మగవాళ్లందర్నీ చంపాలనీ ఆడవాళ్లనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మాలనీ తీర్మానించింది. ఆ ఉత్తర్వుతో ఒక యుద్ధనౌక వెంటనే బయలుదేరింది.

రాత్రి గడిచాక జనానికి మనసు మారింది. మర్నాడు మళ్లీ సభ కూడింది. మాట మార్చుకుంటే మనల్ని లెక్కచేయరని క్లియోన్ అనే నాయకుడు గర్జించాడు. డయోడోటస్ అనే ఆయన దయ గురించి కాకుండా లాభనష్టాల గురించి మాట్లాడాడు. లొంగినా చావే అని తెలిస్తే రేపు తిరగబడే ఊరు చివరిదాకా పోరాడుతుంది, దానివల్ల మనకేం మిగులుతుంది అన్నాడు. చేతులు దాదాపు సరిసమానంగా లేచాయి. స్వల్ప తేడాతో డయోడోటస్ మాట నెగ్గింది.

మొదటి ఓడ అప్పటికే ఒక పగలూ రాత్రీ ముందుంది. రెండో ఓడలో తెడ్డు వేసేవాళ్లకు మిటిలీన్ రాయబారులు ద్రాక్షసారా, బార్లీ పిండి ఇచ్చారు. వాళ్లు తెడ్డు వదలకుండానే పిండి ముద్దలు తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. చెడ్డ కబురు మోసుకెళ్తున్న మొదటి ఓడ మాత్రం తొందరపడలేదు. అది ముందు చేరింది. అక్కడి సేనాని ఉత్తర్వు చదివి అమలుకు సిద్ధమవుతుండగా రెండోది రేవులోకి వచ్చింది. ఊరు బతికింది. అయినా తిరుగుబాటుకు బాధ్యులంటూ వెయ్యిమందికి పైగా చంపారని ఈ కథ రాసిన థుసిడిడీస్ చెప్తాడు. అదీ దాచలేదు.

రెండో ఓడ కదలడానికి మూడు కావాల్సి వచ్చాయి. నిన్నటి తీర్మానాన్ని మళ్లీ విప్పే వీలుండాలి. జనం కోపంగా ఉన్నా లేచి ఎదురు చెప్పే మనిషుండాలి. దిద్దిన ఆజ్ఞను ప్రాణం పెట్టి చేరవేసేవాళ్లుండాలి. ఏ ఒక్కటి లేకపోయినా మిటిలీన్ మిగిలేది కాదు.

ఎత్తని చేతులు

అదే సభ పన్నెండేళ్ల తర్వాత, క్రీ.పూ. 415లో, సిసిలీ దీవి మీదికి దండెత్తుదామా అని చర్చించింది. దూరదేశం, తెలియని శత్రువు, వద్దని పెద్దమనిషి నికియాస్ చెప్పాడు. వినకపోయేసరికి, వెళ్లాలంటే బ్రహ్మాండమైన బలగం కావాలని భయపెట్టాడు. జనం భయపడలేదు సరికదా, అడిగినంతా ఇచ్చేశారు. ఆ రోజు సభలో ఇష్టంలేనివాళ్లూ ఉన్నారనీ, దేశభక్తి లేదంటారని నోరు మూసుకున్నారనీ థుసిడిడీస్ రాశాడు.

ఈ దృశ్యం మనకు కొత్తదా? గ్రామసభలో తీర్మానం చదివి ‘అందరికీ సమ్మతమేనా’ అంటే ఇష్టంలేనివాళ్లు తలొంచుకుని కూర్చోవడం మనం చూడనిదా?

రెండేళ్లలో ఆ సేన మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. వెనక్కి మళ్లుదామనుకున్న రాత్రి చంద్రగ్రహణం పట్టింది. జ్యోతిష్కుల మాట విని, సేనానిగా వెళ్లిన నికియాస్ 27 రోజులు ఆగుదామన్నాడు. ఓడిపోయి ఇంటికెళ్తే తన ఊరివాళ్లే శిక్షిస్తారన్న భయమూ ఆయనకుంది. ఈలోగా శత్రువు రేవును మూసేశాడు. బందీలు శత్రువు నగరం సిరక్యూస్‌లోని రాతి గనుల్లో మగ్గిపోయారు. నికియాస్‌ను చంపేశారు. మొదట జనానికి జడిసి నోరు మూసుకున్నవాళ్లు, తర్వాత జనానికి జడిసి వెనక్కి రాలేని సేనాని: సిసిలీ కథ ఆరంభంలోనూ అంతంలోనూ ఉన్నది ఒకే భయం.

ఓడినవాడికి ఎదురెళ్లిన ఊరు

రోము కథ ఇందుకు వేరు. కార్తేజ్ సేనాని హానిబాల్ ఇటలీలో చొరబడి గెలుస్తున్నప్పుడు ఫేబియస్ అనే సేనాని, ఎదురెదురు పోరు వద్దు, తిండీ గడ్డీ అందకుండా చేసి అలసిపోనిద్దాం అన్నాడు. జనం ఆయన్ని తాత్సారం చేసేవాడని వెక్కిరించారు. క్రీ.పూ. 216లో ఇద్దరు కాన్సుల్‌లకు పెద్ద సేననిచ్చి పంపారు. ఒకరోజు ఒకరి మాట, ఒకరోజు ఇంకొకరి మాట చెల్లాలని ఏర్పాటు. కన్నే దగ్గర, ఆ ఇద్దరిలో వారో అనే ఆయన వంతు వచ్చిన రోజున యుద్ధం జరిగింది. నడుమ వెనక్కి తగ్గుతున్నట్టు కనిపించిన హానిబాల్ సేన రెండు పక్కల నుంచి కమ్ముకొచ్చి రోమన్లను చుట్టేసింది. ఒక్క రోజులో దాదాపు 50,000 మంది చచ్చారని ఒక అంచనా, అంతకంటే ఎక్కువని ఇంకో అంచనా.

బతికి బయటపడ్డ వారో రోముకు వస్తుంటే జనం ఎదురెళ్లారు, రాళ్లతో కాదు. దేశం మీద ఆశ వదులుకోనందుకు కృతజ్ఞతలు చెప్పారు. కార్తేజ్‌లోనైతే ఇలాంటి సేనానికి పడని శిక్షంటూ ఉండేది కాదని రోమన్ చరిత్రకారుడు లివీ అంటాడు. వారో తప్పును ఒప్పు అనలేదు రోము. ఓడినవాడిని చంపితే తర్వాతివాడు నిజం దాస్తాడని దానికి తెలిసుండాలి. సంధి మాట ఎత్తనివ్వలేదు. తాము వెక్కిరించిన ఫేబియస్ దారికే తిరిగొచ్చారు. పద్నాలుగేళ్ల తర్వాత జామా దగ్గర హానిబాల్ ఓడాడు.

దీని పక్కన మన ఓరుగల్లును పెట్టి చూడండి. మట్టికోట ఒకటి, దాని లోపల రాతికోట ఇంకొకటి. ఢిల్లీ సుల్తాన్ తుగ్లక్ కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమై వెనక్కి వెళ్లాడు. గండం గడిచిందనుకుని ప్రతాపరుద్రుడు కోటలోని ధాన్యపు కొట్లు తెరిపించి పండుగ చేయించాడని చరిత్రకారులు రాశారు. కొన్ని నెలలకే ఢిల్లీ సేన తిరిగొచ్చింది. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా వెళ్తూ రాజు నర్మద ఒడ్డున చనిపోయాడని శాసనం చెప్తుంది. రోము ఓటమి నాడు కళ్లు తెరిచింది, ఓరుగల్లు గెలుపు నాడు కళ్లు మూసుకుంది. ధాన్యం కొట్లు తెరవొద్దని ఆ రోజు ఎవరైనా అన్నారో లేదో మన దగ్గర రాసి లేదు.

ఇప్పటి సంగతి

1961లో క్యూబా మీద దాడికి అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ సరేనన్నాడు. అది ఘోరంగా విఫలమైంది. సమావేశాల్లో తన అనుమానాల్ని గట్టిగా చెప్పనందుకు సలహాదారు ష్లెసింజర్ తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. మరుసటి ఏడాది క్యూబాలో సోవియట్ క్షిపణులు కనబడ్డాయి. ఈసారి కెన్నెడీ పద్ధతి మార్చాడు. తానుంటే నోళ్లు మూతపడతాయని కొన్ని సమావేశాలకు వెళ్లడం మానేశాడు. ప్రతి సలహాలోనూ లోపం వెతకమని నమ్మినవాళ్లకు చెప్పాడు. అణుయుద్ధం తప్పింది. అది రెండో ఓడను ముందుగానే కట్టిపెట్టుకోవడం.

దానికి ఎదురు దృశ్యం 2022 ఫిబ్రవరి 21న టీవీలోనే వచ్చింది. రష్యా అధ్యక్షుడు పుతిన్ ఎదుట ఆ దేశపు భద్రతామండలి సభ్యులు ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. విదేశీ గూఢచారి సంస్థ అధిపతి తడబడితే, సూటిగా చెప్పమని పుతిన్ గద్దించాడు. మూడు రోజులకు ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. కీవ్ మీదికి వెళ్లిన రష్యా సేన ఏప్రిల్ మొదటికల్లా అక్కడి నుంచి వెనుదిరిగింది.

గ్రీకులనూ రోమన్లనూ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. బానిసలకూ ఆడవాళ్లకూ ఆ సభల్లో చోటు లేదు. వాళ్ల దగ్గర నేర్చుకోదగింది ఒక అలవాటు. థుసిడిడీస్ స్వయంగా ఏథెన్స్ సేనాని. ఒక నగరం చేజారినందుకు సొంత ఊరే అతన్ని వెలివేసింది. ఆ వెలిలో కూర్చుని ఎవరు వద్దన్నారో, ఎందుకన్నారో, వినకపోతే ఏమైందో రాశాడు.

మన పంచాయతీ రిజిస్టర్లో ప్రతి తీర్మానం కింద ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాయడం పరిపాటి. ఈసారి ఎవరైనా వద్దంటే, ఆ మాట కూడా పేరుతో సహా ఒక వరుస రాయించి చూడండి. ధూళికట్ట గోడ మనకివ్వలేనిది ఆ ఒక్క వరుసే.