మన ఇంటి ప్రియదర్శిని

విజయా వారి ‘మాయాబజార్’ 1957 మార్చి 27న విడుదలైంది. మన పాఠకుల్లో చాలామంది పుట్టకముందే వచ్చిన సినిమా అన్నమాట. అయినా మద్రాసులోనైనా, బెంగుళూరులోనైనా, మా బరంపురంలోనైనా ఆ సినిమా చూడని తెలుగు ఇల్లు అరుదు. అందరూ ఘటోత్కచుడి విందునూ, గిల్పాన్నీ, గింబళినీ చెప్పుకుని నవ్వుకుంటారు. నాకు మాత్రం మొదటినుంచీ ప్రియదర్శిని పేటిక మీదే మనసు.

ఆ పేటిక మూత తెరిస్తే, చూసేవారికి ఏది ప్రియమో అదే కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరాముడికి శిష్యుడు దుర్యోధనుడు, రేవతీదేవికి నగలు, కృష్ణుడికేమో శకుని! ఇప్పటి పిల్లలు దాన్ని చూసి ‘అది లాప్‌టాప్ కదా!’ అంటారు. అనుకోనివ్వండి.

బ్యాంకు ఉద్యోగిగా నేను ఎన్నో ఏళ్లు లాకర్ల గది తాళాలు మోశాను. లాకర్లో దాచేది విలువైనది. ప్రియదర్శినిలో కనబడేది ప్రియమైనది. ఈ రెండు ఖాతాలూ వేరు. రేవతీదేవికి మాత్రం రెండూ ఒకటే!

మా అమ్మ 2019లో కాలం చేసింది. ఆవిడ ట్రంకుపెట్టెలో పట్టుచీరల అడుగున ఒక కట్ట ఇన్‌లాండు ఉత్తరాలు దొరికాయి. ఇచ్ఛాపురం నుంచి మా తాతగారు రాసినవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది. సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇచ్ఛాపురం అటే ఉండిపోయింది. బంధుత్వాలు మాత్రం రెండు వైపులా అలాగే సాగాయి. 1966లో అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో రాసిన ఒక ఉత్తరంలో, ఊళ్లోకి మాయాబజార్ మళ్లీ వచ్చిందనీ, అమ్మ లేకుండానే చూసి వచ్చామనీ తాతగారు రాశారు. ఆ కిందే ఇంకో మాట ఉంది. ఆ పేటిక ఒక్కటి తన దగ్గరుంటే రోజూ మూత తీసి అమ్మను చూసుకునేవాడినని.

ఇంతకీ ఆ ఉత్తరాలు మా ఇంట్లో ఇక చదవగలిగేవారు నేనూ, మా ఆవిడా మాత్రమే. మా అమ్మాయి తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, చదివింది ఒడియా, ఇంగ్లీషు. పూనాలో పెరుగుతున్న ఎనిమిదేళ్ల మనవరాలికి తెలుగు అక్షరమే తెలియదు. మా తరువాత ఆ కట్ట ఉత్త కాగితాల కిందే లెక్క. అందుకే కిందటి వేసవి సెలవుల్లో తాతా మనవరాలూ కలిసి ఒక ప్రియదర్శినిని తయారుచేశాం.

చెప్పుల దుకాణంలో ఇచ్చే గట్టి అట్టపెట్టె తీసుకున్నాం. 12 అంగుళాల పొడవు, 8 వెడల్పు, 4 లోతు. పాత లెడ్జర్లకు బైండింగు చేసేవారు వాడే కాలికో గుడ్డను వెనుకవైపు అంటించి మూతకు కీలు కట్టాను. ఉడికించిన మైదా జిగురులో చిటికెడు మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు. అది విషం కనుక ఆ పని పెద్దలే చేసి చేతులు కడుక్కోవాలి. ఆ జిగురుతో పాత వార్తాపత్రిక ముక్కలు మూడు వరసలు అంటించాం. ఒక వరస పూర్తిగా ఎండాకే ఇంకోటి వేయాలి. తొందరపడితే అట్ట వంకరపోతుంది.

పెట్టె బయట తెలుపు, నలుపు, బూడిదరంగు మాత్రమే వేశాం. 1957 నాటి సినిమాకు ఉన్న రంగులు అవే. మూత తీస్తే లోపల రంగులే రంగులు. అమ్మ చిరిగిన బరంపురం పట్టుచీర నుంచి కత్తిరించిన కుంభం అంచును మూత లోపల చుట్టూ అంటించి, నడుమ చిన్న అద్దం అమర్చాం. ఎవరు మూత తీసినా ముందు తమ ముఖమే, అమ్మ చీర అంచు మధ్యలో కనబడుతుంది.

అడుగున మూడు అరలు చేశాం. మొదటి అరలో మందుల అట్టపెట్టెలతో కట్టిన ఏడు బుల్లి ఇళ్లు. కిటికీలకు కన్నాలు పెట్టి, వెనుక బ్యాటరీ దీపాల తీగ పెట్టాం. మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో కళాదర్శకులు గోఖలే, కళాధర్ ద్వారకను కట్టింది కూడా ఇలాగే. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో సుమారు 300 అట్ట ఇళ్లు పేర్చి, వాటికి దీపాలు పెట్టారు. మార్కస్ బార్ట్లే కెమెరా దాన్ని మహానగరంగా చూపించింది. మా ఏడు ఇళ్లు తాతగారి వీధి.

రెండో అరలో రెండు పాచికలు. కృష్ణుడికి శకుని ఎందుకు కనబడ్డాడని మనవరాలు అడిగింది. మనసు దేనిమీద ఉంటే అదే కనబడుతుంది గాని, అది మంచిదే కానక్కరలేదన్నాను. మా కుటుంబానికి పాచికలంటే బదిలీలు. పడినచోటికల్లా పెట్టే బేడా సర్దుకుని వెళ్లాం.

మూడో అరలో ఆ 1966 ఉత్తరం జిరాక్సు కాపీ. అసలు ఉత్తరానికి జిగురు తగలనివ్వకూడదు. దాన్ని విడిగా భద్రపరిచాను.

“ఇందులో ఏముంది తాతయ్యా?” అని పిల్ల అడిగింది. “మీ ముత్తవ్వకు వాళ్ల నాన్న రాసిన సంగతి. నువ్వే చదువుకోవాలి” అన్నాను. ఆ సాయంత్రమే పలక మీద ‘అ ఆ’లు మొదలయ్యాయి. సెలవులు ముగిసేసరికి ఒక పంక్తి వచ్చింది. ఇప్పుడు ఆదివారాలు ఫోన్లో పాఠం. ఇంతవరకు నాలుగు పంక్తులు కూడబలుక్కుంది. ఉత్తరం మొత్తం పదిహేడు పంక్తులు. పేటిక మాట పదమూడో పంక్తిలో ఉంది. ఈ వ్యాసం ఆమె కంటపడినా ఫరవాలేదు. చదవాలంటే ఆ అక్షరాలే రావాలి కదా!

మన ఇళ్లలోనూ అటకల మీద ఇటువంటి కట్టలు ఉండే ఉంటాయి. వచ్చే దసరా సెలవుల్లో ఒకటి దింపి చూడండి. పెట్టెకయ్యే ఖర్చు వంద రూపాయల లోపే. లోపల పెట్టే ఉత్తరాన్ని మాత్రం మీరు చదివి వినిపించకండి. పిల్లల్నే చదవనివ్వండి.