బొమ్మలు అన్నం పెడతాయా?

పిల్లవాడు లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో బొమ్మలు వేస్తుంటే తల్లి మురిసిపోతుంది. తండ్రి చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. ఆ పిల్లవాడే పదో తరగతి గట్టెక్కి "నేను బొమ్మలే నేర్చుకుంటాను" అన్ననాడు ఇద్దరూ ఒకే పక్షం చేరిపోతారు. "బొమ్మలు అన్నం పెడతాయట్రా?" అన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. అచ్చంపేట చేరువలోని మా ఉప్పునుంతల వంటి ఊళ్లలో ఈ ప్రశ్నకు బరువు మరీ ఎక్కువ. వానను నమ్ముకుని సేద్యం చేసే ఇళ్లవి. ఒక్క పిల్లవాడికి నెలజీతం వస్తే ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. అటువంటి ఇంట్లో కుంచె పట్టుకుంటానన్న బిడ్డను చూసి పెద్దలు భయపడ్డారంటే, వారికి కళ తెలియక కాదు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాబోటి వాడిని ఈ విషయంలో సలహా అడగటం వింతగానే ఉంటుంది. అయినా అడుగుతుంటారు. కథల పక్కన బొమ్మలుంటాయి గనుక కథలు చెప్పేవాడికి బొమ్మల సంగతి కూడా తెలుస్తుందని వారి నమ్మకం. ఆ నమ్మకం పూర్తిగా తప్పు కాదు. ఒక నౌకరీ అంటూ లేకుండా, పత్రికలకూ పుస్తకాలకూ బొమ్మకింత అని పుచ్చుకుని గీసిన మన చిత్రకారుల జీవితాలు చూస్తే, ఈ ప్రశ్నకు జవాబు కొంతవరకు అక్కడే దొరుకుతుంది.

న్యాయశాస్త్రం చదివిన కుంచె

అందరికీ ముందు గుర్తొచ్చే పేరు బాపు. అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933లో నరసాపురంలో పుట్టారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1955లో పట్టా పుచ్చుకున్నారు. ఆ పట్టాతో కోర్టుమెట్లెక్కి ఉంటే మనకు ఒక వకీలు ఎక్కువయ్యేవారు, ఒక బాపు తక్కువయ్యేవారు. పత్రికా కార్యాలయాల్లోనూ ప్రచార సంస్థల్లోనూ కొన్నాళ్లు పనిచేసినా, ఆయనకు అన్నం పెట్టింది, పేరు పెట్టింది బొమ్మే.

ఒక్క రకం బొమ్మతో ఆయన సరిపెట్టుకోలేదు. వ్యంగ్య చిత్రాలు వేశారు. కథలకు బొమ్మలు, నవలలకు ముఖచిత్రాలు వేశారు. ముళ్లపూడి వెంకటరమణ గారి బుడుగుకు రూపం కల్పించి, మన ఇంటి పిల్లవాడే అనిపించారు. 1967లో "సాక్షి"తో సినిమా దర్శకులయ్యాక కూడా ప్రతి దృశ్యాన్నీ ముందు కాగితం మీద గీసుకుని, తరువాతే కెమెరా దగ్గరకు వెళ్లేవారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014లో కన్నుమూశారు. ఈనాటికీ పెళ్లికుదిరిన ఇంట్లో శుభలేఖ మీద బాపు సీతారాములు ఉండాలని పట్టుబట్టేవారున్నారు.

ఆయన గీతలో అంత పొదుపు ఎక్కడిది? రెండు వంపుల్లో జడ, ఒక్క విసురులో నడుము, చిన్న చుక్కలో చూపు! అది దైవదత్తమని చేతులు జోడించి ఊరుకుంటే పిల్లలకు మనం నేర్పేది ఏమీ మిగలదు. అందులో దైవదత్తం ఎంతైనా ఉండనీండి, అచ్చాపీసు నేర్పిన పాఠం కూడా కొంత ఉంది.

జింకు రేకు నేర్పిన పాఠం

సీసపు అక్షరాలతో పత్రికలు అచ్చయ్యే రోజుల్లో బొమ్మ అచ్చుకావాలంటే దానికొక బ్లాకు చేయించాలి. చిత్రకారుడు నల్లసిరాతో తెల్లకాగితం మీద, అచ్చులో కనబడేదానికన్నా పెద్దదిగా బొమ్మ గీసి ఇచ్చేవాడు. దానిని ఫోటో తీసి, కావలసిన కొలతకు తగ్గించి, జింకు రేకు మీదికి దింపేవారు. గీత ఉన్నచోటు కాపాడి, తక్కినదంతా ఆమ్లంతో తినిపించేసేవారు. గీత మాత్రం ఉబ్బెత్తుగా మిగిలేది. ఆ రేకును కర్రదిమ్మకు బిగించి సీసపు అక్షరాల సరసన కూర్చితే, రెంటికీ ఒకేసారి సిరా అంటేది. దీన్నే లైను బ్లాకు అనేవారు.

ఈ పద్ధతికి నలుపు తెలుసు, తెలుపు తెలుసు. నడుమనున్న బూడిదరంగు తెలియదు. నీడలు కావాలంటే చుక్కల తెరతో హాఫ్‌టోను బ్లాకు చేయించాలి. దానికి ఖర్చెక్కువ. పైగా చవకరకం కాగితం మీద ఆ చుక్కలన్నీ అలుక్కుపోయి, కథానాయిక ముఖం మసిబారేది. అందువల్ల చెప్పదలచిందంతా గీతలోనే చెప్పాలి. బొమ్మ కొలత తగ్గినప్పుడు సన్నగీతలు మాయమవుతాయి, దగ్గరగా ఉన్న గీతలు కలిసిపోతాయి. కాబట్టి ఏ గీత అక్కరలేదో ముందే తెలుసుకోవాలి. ఇలా నెలల తరబడి, ఏళ్ల తరబడి వదిలిపెట్టడం నేర్చుకున్న చేయి చివరకు ఆ పొదుపునే అందంగా మార్చుకుంది.

అక్షరాల సంగతీ అంతే. ఇంగ్లీషుకు ఇరవైయారు అక్షరాలైతే, తెలుగుకు గుణింతాలు, వత్తులు కలుపుకుని వందల అచ్చులు పోతపోయాలి. కొత్తరకం టైపు తయారుచేయడం సామాన్యం కాదు. కనుక కథల పేర్లు, పుస్తకాల అట్టమీది అక్షరాలు చిత్రకారులే చేత్తో రాసేవారు. ఆ కొరతలోంచే బాపు రాత పుట్టింది. వంకర టింకరగా ఉన్నట్టుంటుంది గానీ, ఏ అక్షరం ఏ అక్షరానికి చోటివ్వాలో అది ఎరుగుతుంది. తరువాత రోజుల్లో ఆ చేతిరాతను అనుసరించే కంప్యూటరు అక్షరాలు తయారయ్యాయి.

రంగుల వైపు చూస్తే వడ్డాది పాపయ్య గారున్నారు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, చాలాకాలం విశాఖ జిల్లా కశింకోటలో నివసించి, 1992లో వెళ్లిపోయారు. బొమ్మ కింద "వపా" అన్న రెండక్షరాలే ఉండేవి. "చందమామ", "యువ" ముఖచిత్రాల మీద ఆయన రంగులు చూసి, పత్రిక చదవకుండానే దాచుకున్న ఇళ్లెన్నో! అచ్చులో రంగులు ఒకదాని మీద ఒకటి పడి కలుస్తాయి. బ్లాకు అణువంత జరిగినా పెదవి రంగు చెంపకు అంటుకుంటుంది. అటువంటి అచ్చును దాటుకుని కూడా ఆ పసిమి చాయలు మన దాకా వచ్చాయంటే, ఆ చేతికి రంగు ఎంత తెలిసి ఉండాలి!

సీరియలు బొమ్మకు తాతయ్య

అచ్చు రాకముందే కథకు బొమ్మవేసి బతికినవారు మన తెలంగాణలో ఉన్నారు. వారు నకాషీలు. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల వారికి నెలవు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, రజకులకు మడేలు పురాణం, ఇలా కులానికొక కథ. ఆ కథ చెప్పేవారికి నకాషీ గజాల పొడవు పటం గీసి ఇచ్చేవాడు. కథకుడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మనే చూపుతూ, పాట పాడుతూ రాత్రులు గడిపేవాడు. తరువాయి భాగం కోసం ఊరంతా మరునాటి దాకా ఎదురుచూసేది. మన వారపత్రికల సీరియలు బొమ్మకు ఈ పటాన్ని తాతయ్య అనవచ్చు.

నకాషీ బజారులో కాన్వాసు కొనుక్కునేవాడు కాదు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూతమీద పూత పెట్టి ఆరబెట్టేవాడు. బొమ్మ వెనక నేలంతా ఎర్రరంగు. ఆ ఎరుపు మీద పసుపుపచ్చ, నీలి, తెలుపు దూరాన కూర్చున్నవారికి కూడా కొట్టొచ్చినట్టు కనబడతాయి. రాత్రిపూట దీపం వెలుగులో ఊరి జనం చూడవలసిన బొమ్మ మరి! ఆ చేతులే రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి బొమ్మలు పోశాయి, కొబ్బరిచిప్పల మీద ముఖాలు చేశాయి.

చదువుకున్న చిత్రకారులు కూడా ఈ బాట తొక్కారు. సిద్దిపేట కాపు రాజయ్య గారు (1925-2012) నకాషీ రంగులను, ఆ నిండుదనాన్ని తన చిత్రాల్లోకి తెచ్చుకుని, బోనాలకూ బతుకమ్మకూ కొత్త కళ తెచ్చారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు బరోడాలో చదివి, రాగిరేకు మీద చెక్కి అచ్చుతీయటం, అద్దం వెనక నుంచి బొమ్మ వేయటం, మట్టిని కాల్చటం, కంచు పోతపోయటం కూడా చేశారు. వస్తువు మారినప్పుడల్లా చేతికి కొత్త చదువు దొరుకుతుంది.

మన ఇంట్లో ఉన్న బడి

ఇంతదూరం వెళ్లకుండా మన పాలమూరు సీమనే చూడండి. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు స్వభావాలున్న దారాలను తెగకుండా, ముడతపడకుండా కలపడానికి కుప్పడం అనే నేత పద్ధతి ఉంది. నడుమకొక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు ఆడతాయి. రంగుల పొందిక ఎలా ఉండాలో ఆ అంచు చెప్పినంత స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పదు.

ఉప్పునుంతలలో బతుకమ్మ పేర్చే ఆడపిల్లకు చిత్రకళ రాదని ఎవరనగలరు? గునుగు పూలను సమంగా కత్తిరించి, కొసలు రంగుల్లో ముంచుతుంది. పళ్లెంలో ఆకు పరిచి, తంగేడు ఒక వరస, గునుగు ఒక వరస పేర్చుకుంటూ, పైకి పోయినకొద్దీ చుట్టు తగ్గిస్తుంది. ఏ రంగు పక్కన ఏ రంగు మెరుస్తుందో, ఎక్కడ బరువు తప్పితే గోపురం ఒరుగుతుందో ఆమె కంటికి తెలుసు. మర్నాటికి నీళ్లలో కలిసిపోయే దానికోసం ఇంత శ్రద్ధ! ఈ విద్యను పండుగపనిగా లెక్కగడుతున్నాం గాని, చదువుగా లెక్కగట్టడం లేదు.

సెలవుల్లో పిల్లలచేత చేయించదగిన ప్రయోగం ఒకటి చెబుతాను. చింతగింజలను వేయించి, పైతొక్క తీసి, రాత్రంతా నానబెట్టండి. మర్నాడు మెత్తగా రుబ్బి, నీళ్లుపోసి, సన్నని సెగమీద కలుపుతూ ఉడికిస్తే చిక్కని జిగురు అవుతుంది. వడ్రంగి దగ్గర దొరికే పొట్టును జల్లించి అందులో కలిపితే చపాతీ పిండిలా ముద్ద వస్తుంది. దానితో పక్షినో ఏనుగునో చేసి నీడపట్టున ఆరనివ్వాలి. ఎండలో పెడితే బీటలిస్తుంది. ఆరినాక సుద్దపూత, ఆ పైన రంగు. ఆముదం దీపపు మసిలో నానబెట్టిన తుమ్మబంక కలిపితే నల్లసిరా తయారు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని పారాణి పెట్టుకున్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. అయితే ఎండతగిలితే పసుపు వెలిసిపోతుంది. అది కూడా పిల్లవాడు స్వయంగా చూసి తెలుసుకోవలసిన పాఠమే. మొదటి బొమ్మ పగులుతుంది. రెండోదాని తోక ఊడుతుంది. మూడోది నిలిచేసరికి ఓపిక అంటే ఏమిటో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇంతకీ అన్నం సంగతి

నిజం చెప్పుకోవాలి. కథకు బొమ్మ వేసి బతికే దారి ఒకప్పటి కన్నా ఇరుకైంది. 1947లో పుట్టి తరాలను పెంచిన "చందమామ" 2013లో ఆగిపోయింది. ఎన్నో వారపత్రికలు కనుమరుగయ్యాయి. నాలుగు మాటలు చెబితే కంప్యూటరే క్షణంలో బొమ్మ వేసి ఇచ్చే రోజులు వచ్చాయి. బొమ్మకింత అని పుచ్చుకునేవాడికి ఫించను లేదు, సెలవు లేదు. చేతికి జబ్బుచేస్తే రాబడి ఆగుతుంది. ఈ మాటలు దాచి పిల్లవాడిని పొగడ్తలతో సాగనంపడం మేలు కాదు.

అయితే దారి మూసుకుపోలేదు. పాఠ్యపుస్తకాలకు, పిల్లల పుస్తకాలకు, నేతకు, ప్రచారానికి, సినిమాకు గీసే చేతులు కావాలి. ఇంటర్మీడియేటు తరువాత హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశ పరీక్ష రాసి ఈ విద్యలు పద్ధతిగా చదువుకోవచ్చు. వరంగల్ జిల్లాలో పుట్టిన చంద్ర (1946-2021) వేలాది కథలకు, పుస్తకాలకు బొమ్మలు వేసి తెలుగువారి ఇళ్లలోకి నడిచి వచ్చారు.

కనుక నన్ను అడిగే తల్లిదండ్రులకు మూడు మాటలు చెబుతుంటాను. మొదటిది, బొమ్మలు వేసే బిడ్డచేత కథలు చదివించండి. కథలో ఏ క్షణాన్ని పట్టుకోవాలో తెలియనివాడు ఎంత గీసినా అది అలంకారమే అవుతుంది. రెండోది, కాగితం ఒక్కటే చాలనుకోకండి. మట్టి, గుడ్డ, కర్ర, దారం, ఏదో ఒకటి చేతికి తగలనివ్వండి. ఒక పని సన్నగిల్లినప్పుడు ఇంకొకటి ఆదుకునేది ఆ అలవాటువల్లనే. మూడోది, చెప్పిన రోజుకు చెప్పిన పని ఇవ్వడం చిన్ననాటే అలవాటు చేయండి. పత్రిక చిత్రకారుడి కోసం ఆగదు. గొప్ప చేయి ఉండి కూడా గడువు తప్పి చెడిపోయినవారున్నారు.

ఇవన్నీ నేర్చుకున్నాక ఆ పిల్లవాడు చిత్రకారుడే కావాలని లేదు. ఓవర్సీరు కావచ్చు, పంతులు కావచ్చు, అంగడి పెట్టుకోవచ్చు. చూసినదాన్ని చేతితో నిలబెట్టడం తెలిసిన మనిషి ఏ పనిలోనైనా నెగ్గుకొస్తాడు. బొమ్మలు అన్నం పెడతాయా అంటే, చేతికి పనితనం నేర్పిన బొమ్మ పెడుతుంది. అంతదాకా ఆ బిడ్డకు అన్నం పెట్టవలసింది మాత్రం మనమే. లెక్కల పుస్తకం వెనక పేజీలు చాలకపోతే, ఒక తెల్లకాగితాల కట్ట కూడా కొనిపెడదాం.