చిరిగిన పెట్టె, చెక్కుచెదరని బొమ్మ

సరుకును గురించి చెప్పేటప్పుడు మనం మామూలుగా బట్టనో, బియ్యాన్నో ఉదాహరణగా తీసుకుంటాం. మార్క్స్ 1867లో 'పెట్టుబడి' మొదటి సంపుటాన్ని సరుకుతోనే మొదలుపెట్టాడు. నారబట్టా, కోటూ ఆయన ఇచ్చిన ఉదాహరణలే. ఈ వ్యాసంలో నేను అంతకంటే అల్పమైన వస్తువును తీసుకుంటున్నాను. అది ఆటబొమ్మను పెట్టి అమ్మే అట్టపెట్టె. పిల్లవాడు బొమ్మను తీసుకుని పక్కన పారేసే పెట్టె. ఈ పెట్టెను కొట్లోనే, బొమ్మ అమ్ముడుపోకముందే, కావాలని చింపేవాళ్లున్నారు. మూలలు మడిచి పోయేవాళ్లున్నారు. వాళ్లు పిల్లలు కారు, పెద్దవాళ్లు. ఎందుకు చింపుతారు? చింపితే నష్టం ఎవరికి, లాభం ఎవరికి? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే సరుకు స్వభావం మాత్రమే కాదు, వస్తువులను గురించి రాసే రచయిత ఎక్కడ చూపు నిలపాలో కూడా తెలుస్తుందని నా అభిప్రాయం.

పెట్టె చేసే పని

మొదట ఒక సంగతి స్పష్టం చేసుకోవాలి. పెట్టె తనంతట తాను అనవసరమైనది కాదు. మా పశ్చిమ ప్రకాశంలో తయారయ్యే మార్కాపురం పలకనే చూడండి. దాని చుట్టూ ఉండే కర్రచట్రం అందం కోసం బిగించింది కాదు; రాతిపలక అంచులు పగలకుండా బిగించింది. పలకలను దూరప్రాంతాలకు పంపడానికి చేసే పెట్టెలోనూ మనిషి శ్రమ ఉంది. ఆ శ్రమే లేకపోతే పలక పిల్లవాడి చేతికి ముక్కలుగా చేరుతుంది. అంటే వస్తువు ఉపయోగపు విలువను కాపాడడం పెట్టె పని.

మన బొమ్మల విషయంలోనూ ఇంతే. కోటప్పకొండ తిరునాళ్లలో బొమ్మలు గుంజలకు వేలాడుతుంటాయి, నేలమీద పట్టా పరిచి పోసి ఉంటాయి. తెల్లపొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మగానీ, అంకుడు కర్రను గుండ్రంగా చెక్కి లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మగానీ పనితనంతోనే నిలుస్తుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చే ఇళ్లలో - అవి ఎక్కువగా ఏ వర్గాల ఇళ్లన్నది వేరే చర్చ - పండగ వెళ్లగానే బొమ్మలను పాతగుడ్డల్లో చుట్టి అటకమీద దాస్తారు. ఆ గుడ్డ చిరిగింది కాబట్టి బొమ్మ విలువ పడిపోయిందని ఎవరూ అనుకోరు. గుడ్డ కాపాడేది, బొమ్మ కాపాడబడేది. సంబంధం స్పష్టంగా ఉంది.

బొమ్మకంటే ముందు వచ్చిన పెట్టె

ఈ సంబంధం తలకిందులు కావడాన్ని ఒక చారిత్రక ఘటన చక్కగా చూపిస్తుంది. 1977 మే నెలలో అమెరికాలో 'స్టార్ వార్స్' సినిమా విడుదలయింది. దాని పాత్రల బొమ్మలు తయారుచేసే హక్కు కెన్నర్ అనే కంపెనీ పొందింది. సినిమా అంతగా ఆడుతుందని కంపెనీ ఊహించలేదు. క్రిస్మస్ నాటికి బొమ్మలు తయారు కాలేదు. అప్పుడు కంపెనీ ఏం చేసింది? బొమ్మలు లేని అట్ట కవరును అమ్మింది. అందులో బొమ్మలను నిలబెట్టుకోవడానికి ఒక అట్ట, కంపెనీకి పంపవలసిన ఒక పత్రం ఉన్నాయి. ఆ పత్రం పంపినవాళ్లకు 1978లో నాలుగు బొమ్మలు టపాలో వచ్చాయి. పండగనాడు పిల్లలు ఆడుకున్నది అట్టతో!

ఆ బొమ్మలతో ఆడుకున్న పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో కొందరు సేకరణదారులయ్యారు. ఆడిన బొమ్మకు ఒక ధర, పెట్టె విప్పని బొమ్మకు దానికి ఎన్నో రెట్ల ధర ఏర్పడ్డాయి. పెట్టె మూల నలిగిందా, అట్టమీద గీత పడిందా, ధర అంటించిన కాగితం చిరిగిందా అని పరిశీలించి మార్కులు వేసే సంస్థలు కూడా వచ్చాయి. ఇక్కడ మనం గమనించవలసిన విచిత్రం ఇది: బొమ్మకు అత్యధిక ధర రావాలంటే దానితో ఎవరూ ఆడి ఉండకూడదు. ఉపయోగపు విలువ ఎప్పటికీ వాడుకలోకి రాకపోవడమే మారకపు విలువకు షరతు అయింది. 1999లో వచ్చిన 'టాయ్ స్టోరీ 2' సినిమాలో ప్రతినాయకుడు ఎన్నడూ పెట్టె దాటని బొమ్మ. ఏ పిల్లవాడి ప్రేమా ఎరగని వాడు కాబట్టి క్రూరుడైనట్టు చూపించారు. బొమ్మల వ్యాపారంలోనే భాగమైన సినిమా కూడా ఆ వ్యాపారపు వైరుధ్యాన్ని దాచలేకపోయిందన్నమాట.

చింపేవాళ్లు ఎవరు?

ఇక అసలు విషయానికి వద్దాం. కావాలని పెట్టె పాడుచేసేవాళ్లు ఒకే రకం కాదు.

మొదటి రకం లోపలున్నదాన్ని చూడడానికో, మార్చడానికో చింపేవాళ్లు. కొత్త బొమ్మ తీసి పాతబొమ్మ పెట్టి, డబ్బు వాపసు తీసుకుపోయే మోసం అమెరికా దుకాణాల్లో మామూలయింది. హాస్‌బ్రో కంపెనీ ప్లాస్టిక్ తగ్గిస్తామంటూ 2022 ప్రాంతంలో సేకరణ బొమ్మలకు పారదర్శకపు కిటికీ లేని మూతపెట్టెలు తెచ్చింది. లోపల ఏముందో కనిపించకపోవడంతో పెట్టెలు విప్పడం, బొమ్మలు మార్చడం పెరిగాయన్న ఫిర్యాదులు వచ్చాయి. కొన్ని రకాలకు మళ్లీ కిటికీ పెడతామని కంపెనీ 2023లో ప్రకటించింది.

రెండవ రకం బేరగాళ్లు. మూల నలిపి, 'పెట్టె పాడైంది, ధర తగ్గించండి' అనేవాళ్లు. వీళ్లకు బొమ్మ కావాలి, పెట్టె అక్కర్లేదు. ఒక విధంగా వీళ్లు అందరికంటే స్పష్టంగా ఆలోచిస్తున్నారు!

మూడవ రకం పోటీదారులు. తన దగ్గర నలగని పెట్టె ఒకటి ఉంది కాబట్టి కొట్లో మిగిలినవి నలిగితే తనదాని విలువ పెరుగుతుందనే వాళ్లు.

నాలుగవ రకం నిరసనకారులు. సరుకు దిగగానే మొత్తం ఎత్తుకుపోయి రెండింతలకూ మూడింతలకూ అమ్ముకునే బ్లాకు వ్యాపారులమీద కోపంతో అట్ట మడిచేవాళ్లు. 'బ్లాకువాడికి పనికిరాదు, పిల్లవాడికి పనికొస్తుంది' అన్నది వీళ్ల వాదం. దీన్ని తీసిపారేయడానికి లేదు. దీని సంగతి చివర చూద్దాం.

ఇదంతా పరాయిదేశపు వింత అనుకోనక్కర్లేదు. మాటెల్ కంపెనీ హాట్‌వీల్స్ కార్లు 1968లో పుట్టాయి. 1995 నుంచి కంపెనీ మామూలు కార్ల మధ్య కొన్ని అరుదైన కార్లను కలిపి, మామూలు ధరకే పంపుతూ వస్తోంది. అంటే కొరత ప్రకృతి తెచ్చింది కాదు. ఫ్యాక్టరీలో లెక్క కట్టి తయారుచేసింది. ఈ కార్లు ఇప్పుడు మా దర్శి ఫ్యాన్సీ కొట్లలో కూడా కొక్కేలకు వేలాడుతున్నాయి. ఒంగోలునుంచి మోటారుసైకిలు మీద వచ్చి, కొక్కేలమీది అట్టలన్నీ దించి, వెతికి, చాలనివి నేలమీద వదిలిపోయిన యువకులను నేను చూశాను. నేలమీద అట్టలు తొక్కుడుపడ్డాయి. కార్లకు ఏమీ కాలేదు.

నష్టం ఎవరి ఖాతాలో?

ఆ అట్టలను ఏరి మళ్లీ తగిలించిన కుర్రవాడిది దర్శి పక్కన పల్లె. వాన లేక చేను ఎండిన ఏడు బజారు పనికి వచ్చాడు. 'ఇవి వెనక్కి పంపినా ఏజెంటు తీసుకోడు సార్. పోయినసారి మా జీతంలో పట్టారు' అన్నాడు. ఆ కొట్టు పేరు ఇక్కడ అవసరం లేదు. ఒక కొట్టు యజమాని మంచిచెడ్డలు కాదు మన చర్చ.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1936 వేతనాల చెల్లింపు చట్టంలోనూ, తర్వాత దాని స్థానంలోకి వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ సూత్రం ఒకటే. పనివాడికి ప్రత్యేకించి అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్లనో తప్పిదం వల్లనో పాడైతేనే జీతంలో కోత పెట్టవచ్చు. అదీ సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇచ్చిన తర్వాతే. కొనడానికి వచ్చినవాడు మడిచిన అట్ట ఈ నిర్వచనంలోకి రాదు. అయినా నెలాఖరులో లెక్క చూసేవాడికి ఆ కుర్రవాడు అందినంత సులభంగా సేకరణదారుడు అందడు. సేకరణదారుడి ఆటకు రుసుము చెల్లించేది ఎన్నడూ ఆ బొమ్మ కొనలేని పనివాడు!

పెద్ద చింపుడు

చిల్లరగా జరిగితే నేరం అనిపించే ఈ పని టోకుగా జరిగితే వ్యాపార నిర్ణయం అనిపించుకుంటుంది. ధర నిలబెట్టడం కోసం బ్రెజిల్‌లో 1931 నుంచి 1944 వరకు సుమారు 7 కోట్ల 80 లక్షల బస్తాల కాఫీ నాశనం చేశారు. బర్బెరీ అనే బ్రిటిష్ దుస్తుల కంపెనీ 2017-18 ఆర్థిక సంవత్సరంలో 2 కోట్ల 86 లక్షల పౌండ్ల విలువైన అమ్ముడుపోని సరుకును నాశనం చేసింది. గొడవ పెద్దదైన తర్వాత 2018 సెప్టెంబరులో ఆ పద్ధతి మానుకుంటామంది. బొమ్మలకే వస్తే, ఫంకో అనే అమెరికా కంపెనీ గోదాములు నిండిపోయాయని 3 కోట్ల నుంచి 3 కోట్ల 60 లక్షల డాలర్ల విలువైన సరుకును పారేయబోతున్నామని 2023 మార్చిలో ప్రకటించింది. పిల్లలకు పంచడంకంటే పూడ్చడం చౌక అని లెక్క తేలింది.

రచయితలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. అమెరికాలో చౌక నవలలు అమ్ముడుపోకపోతే కొట్టువాడు ముందు అట్ట చింపి, ఆ అట్టను మాత్రమే ప్రచురణకర్తకు తిరిగి పంపి డబ్బు జమ చేయించుకోవడం దశాబ్దాల ఆనవాయితీ. మిగతా పుస్తకం తుక్కులోకి పోవాలి. అట్టలేని పుస్తకం కొనవద్దని ఆ పుస్తకాల్లోనే హెచ్చరిక అచ్చువేసేవారు. ఆ అట్టలేని పుస్తకంలో ఒక్క అక్షరం చెడలేదు. చదివేవాడికి అది పూర్తి నవల; లెక్కల పుస్తకంలో అది లేదు. బొమ్మ విషయంలో పెట్టె ఉంటే విలువ ఉన్నట్టు రుజువు. పుస్తకం విషయంలో చిరిగిన అట్ట విలువ చచ్చినట్టు రుజువు. రెండుచోట్లా అట్టే మాట్లాడుతుంది, లోపలిది మూగది.

విలువ ఎక్కడికి పోయింది?

ఇప్పుడు నిరసనకారుడి వాదం దగ్గరకు రావచ్చు. అతను నిజంగానే మారకపు విలువను దెబ్బతీసి ఉపయోగపు విలువను మిగిల్చాడు కదా? ఆ ఒక్క పెట్టె వరకు నిజమే. కానీ విలువ ఒక్క పెట్టెలో కాపురముండదు. అది మనుషుల మధ్య సంబంధం. పది పెట్టెల్లో ఏడు నలిగితే నలగని మూడింటి ధర పెరుగుతుంది. బ్రెజిల్ కాఫీ నేర్పిన పాఠం ఇదే. బ్లాకు వ్యాపారి గోదాములో ఉన్నది ఆ మూడే అయితే నిరసనకారుడు అతనికి ఉచితంగా చాకిరీ చేసినట్టు. పోటీదారుడు లాభం కోసం చేసిన పనినే ఇతను న్యాయం కోసం చేశాడు. ఉద్దేశాలు వేరు, ఫలితం ఒక్కటే. పైగా దెబ్బ తగిలింది దర్శి కుర్రవాడి జీతానికి.

ఇంగ్లండులో 1811 నుంచి కొన్నేళ్లపాటు లుడ్డైట్లు మగ్గపు యంత్రాలు పగలగొట్టారు. 1812లో ప్రభుత్వం ఆ నేరానికి మరణశిక్ష విధించింది. యంత్రాన్నీ, యంత్రాన్ని పెట్టుబడి వాడుకునే తీరునూ వేరుచేసి చూడడానికి కార్మికులకు కాలమూ అనుభవమూ పట్టాయని మార్క్స్ విశ్లేషించాడు. లుడ్డైట్ల వెనక ఆకలి ఉంది, సంఘటిత శక్తి ఉంది; అట్ట మడిచేవాడితో వాళ్లను సమానం చేయడం అన్యాయం. అయితే సంబంధం మీద తగలవలసిన దెబ్బ వస్తువు మీద తగలడం రెండుచోట్లా ఒకటే. ఎదుర్కోవలసింది అట్టను కాదు. తయారుచేసిన కొరతను, మొత్తం ఎత్తుకుపోయే వ్యాపారాన్ని, పనివాడి జీతంలో కోతను. అమ్ముడుపోని సరుకును నాశనం చేయడాన్ని నిషేధిస్తూ ఫ్రాన్స్ 2020లో చట్టం చేసి 2022 నుంచి అమలులోకి తెచ్చింది. అది వ్యవస్థను మార్చే చట్టం కాదు. కానీ పెట్టెను వదిలి సంబంధం వైపు వేసిన అడుగు.

రచయిత చూపు

మన సాహిత్యానికి దీనితో ఏం పని? 1936 లక్నో మహాసభకు అధ్యక్షత వహించిన ప్రేమ్‌చంద్ 'ఈద్గా' కథ గుర్తు చేసుకోండి. తోటి పిల్లలు కొన్న మట్టిబొమ్మలు ఇల్లు చేరగానే పగులుతాయి. హమీద్ తన మూడు పైసలతో అవ్వ చేతులు కాలకుండా పట్టకారు కొంటాడు. ఆ కథలో బొమ్మ పగలడం కూడా నిజాయితీ గలది. అది పిల్లల చేతుల్లో పడి పగిలింది. చాసో 'వాయులీనం'లో రాజ్యం జబ్బుకోసం ఆమె వాయులీనాన్నే అమ్మవలసి వస్తుంది. ఆ వాయిద్యం పాడవలేదు, పగల్లేదు. ఉపయోగపు విలువ మారకపు విలువగా మారిపోయిన క్షణంలోనే విషాదమంతా ఉంది. స్టెయిన్‌బెక్ 1939 నాటి 'గ్రేప్స్ ఆఫ్ రాత్' నవలలో నాశనమవుతున్న పళ్ల పక్కన ఆకలిగొన్నవాళ్లను నిలబెట్టాడు. ఈ ముగ్గురూ వస్తువును వర్ణించి ఊరుకోలేదు. వస్తువు చుట్టూ ఉన్న చేతులను చూపించారు.

నేటి కథల్లో సరుకుల పేర్లు చాలా కనిపిస్తున్నాయి. ఫోను పేరు, చెప్పుల పేరు, కారు పేరు రాస్తే కాలం పట్టుబడిందనుకుంటున్నాం. అది పెట్టెమీది బొమ్మను చూసి లోపలిది చూశామనుకోవడమే. వ్యామోహాన్ని తిట్టే కవితలూ వస్తున్నాయి. అవి ఎక్కువగా అట్టను చింపుతున్నాయి, సంబంధాన్ని తాకడం లేదు. వినియోగదారుణ్ణి ఎగతాళి చేయడం సులభం. ఆ అట్ట అతికించినవాళ్లు ఎవరు, కొక్కేనికి తగిలించినవాడు ఎవరు, చిరిగితే జీతం పోయేది ఎవరికి, చిరిగినందువల్ల లాభపడేది ఎవరు అని అడగడం కష్టం. అభ్యుదయ రచయిత పని ఆ కష్టమైన ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.