మైదానం ఎందరికి సరిపోతుందో గేటును అడగాలి

తొక్కిసలాట అనే మాటలోనే ఒక తీర్పు దాగి ఉంది. ఎవరో తొక్కారు, ఎవరో నలిగారు, తప్పు జనానిదేనని ఆ మాట వినగానే మనసులో తేల్చేసుకుంటాం. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్‌లో 27 మంది చనిపోయినప్పుడు అదే మాట వాడాం. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి ఆరుగురు ప్రాణాలు వదిలినప్పుడూ అదే మాట. నిజానికి కిక్కిరిసిన గుంపులో ఎక్కువ ప్రాణాలు పోయేది పాదాల కింద కాదు. నిలబడినవాళ్లు నిలబడినట్టే ఊపిరాడక పోతారు. చదరపు మీటరు చోటులో ఆరేడుగురు చేరాక ఎవరూ తమ ఇష్టప్రకారం అడుగు వేయలేరు. వెనకున్న వందమంది తలా ఒక చిన్న అడుగు ముందుకు జరిగితే ఆ ఒత్తిడంతా ముందున్న మనిషి ఛాతీ మీద పడుతుంది. ఛాతీ ఉబ్బే చోటు లేకపోతే గాలి లోపలికి వెళ్లదు. మామిడి పండించే నూజివీడు వారికి ఇది కొత్త సంగతేమీ కాదు. రసాలను గంపలో ఎన్ని వరసలు పేర్చాలో తోటలో పనిచేసే ఎవరిని అడిగినా చెబుతారు. ఒక వరస ఎక్కువ పేరిస్తే పైపండు నిగనిగలాడుతూనే ఉంటుంది, అడుగున ఉన్నది చితికిపోతుంది. గుంపు చివర నిలబడి ముందుకు జరిగేవాడికి కూడా ముందున్నవాడి స్థితి ఇలాగే కనబడదు. పండు విషయంలో ఇంత జాగ్రత్తగా వేసే లెక్క, ఆట చూడడానికి వచ్చిన మనిషి విషయంలో వేయడం లేదన్నదే నా బాధ.

మన ఊళ్లలో ఫుట్‌బాల్ అయినా కబడ్డీ అయినా జరిగేది ఎక్కువగా హైస్కూలు, కాలేజీ మైదానాల్లోనే. అక్కడ బాగా పాతుకుపోయిన అపోహ ఒకటుంది: పైకప్పు లేని మైదానం కదా, ఎంతమంది వచ్చినా భయం లేదు అని. పైన ఆకాశం తెరిచే ఉంటుంది, నిజమే. కానీ జనం ఆకాశంలోంచి బయటికి వెళ్లరు. బ్రిటన్‌లో 1971లో గ్లాస్గో ఐబ్రాక్స్ స్టేడియం మెట్ల మీద 66 మంది చనిపోయాక, 1973లో మైదానాల భద్రతకు ‘గ్రీన్ గైడ్’ అనే మార్గదర్శక గ్రంథం వచ్చింది. ఇప్పుడు చాలా దేశాలు దాన్నే చూస్తున్నాయి. అందులోని సూత్రం చిన్నది. లోపలికి ఎందరు రాగలరు, ఎందరు నిలబడగలరు, ఎందరు మామూలుగా బయటికి వెళ్లగలరు, ప్రమాదం వస్తే ఎందరు తప్పించుకోగలరు అని నాలుగు లెక్కలు వేసి, వాటిలో అన్నిటికన్నా చిన్న అంకెనే ఆ మైదానం సామర్థ్యంగా తీసుకోవాలి. మనం మాత్రం రెండో లెక్కతోనే సరిపెట్టుకుంటాం.

ఒక్కసారి ఆ లెక్క వేసి చూద్దాం. ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు అనుకుందాం. గీత చుట్టూ నాలుగు మీటర్ల పట్టీలో జనం నిలబడితే ఆ చోటు 1,448 చదరపు మీటర్లు. గ్రీన్ గైడ్ ఒప్పుకునే గరిష్ఠ సాంద్రత చదరపు మీటరుకు 4.7 మంది. ఆ ప్రకారం 6,800 మంది పడతారు. అదీ మెట్లు, అడ్డుకడ్డీలు సరిగ్గా కట్టిన చోట. మన సమతల నేల మీద ఆట కనబడక వెనకవాళ్లు ముందుకు నెడతారు గనుక అంతమంది కూడా ఉండకూడదు. ఇక గేటు దగ్గరికి రండి. చదునైన నేల మీద మీటరు వెడల్పులో నిమిషానికి 82 మంది దాటగలరని, మైదానం ఎనిమిది నిమిషాలలోపు ఖాళీ కావాలని గైడ్ చెబుతుంది. గేటు రెండు మీటర్లు ఉంటే ఎనిమిది నిమిషాల్లో బయటపడేది 1,312 మంది. మిగతా ఐదున్నర వేలమంది లోపలే ఉండిపోతారు. అందరూ దాటడానికి నలభై నిమిషాల పైన పడుతుంది. గేటు ముందు మోటారు సైకిళ్లు నిలిపి, ఒక పక్క బజ్జీల బండి పెట్టి దారి మీటరుకు కుదిస్తే ఆ 1,312 కాస్తా 656 అవుతుంది. ఆ గేటు మార్చకుండా ఐదు వేలమందికి ఆహ్వానం పలికే కరపత్రం ప్రమాదానికి ఆహ్వానం పలుకుతున్నట్టే.

పరుగెత్తాల్సిన అవసరం ఏమొస్తుంది, మంటలా, బాంబులా అని అడిగేవారుంటారు. మామిడి సీమలో ఆ ప్రశ్న రాకూడదు. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి ఈదురుగాలి లేచి కాయంతా నేల రాల్చేయడం ఇక్కడి రైతుకు ఏటా ఉన్న దిగులే. వేసవి సెలవుల్లో సాయంత్రం పోటీలు పెట్టేదీ ఆ వేళకే. 1988 మార్చి 12న కాఠ్మాండూ దశరథ్ స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతుండగా వడగళ్ల వాన ముంచుకొచ్చింది. వేలమంది ఒక్కసారి తలదాచుకునే చోటు వెతుక్కుంటూ ద్వారాల వైపు పరుగు తీశారు. ద్వారాలకు తాళాలు వేసి ఉన్నాయి. 93 మంది చనిపోయారు. అక్కడ కొట్లాట లేదు, మంట లేదు, వదంతి లేదు. తలమీద వడగళ్లు పడుతుంటే నీడ కోసం పరుగెత్తడం తప్పు కాదు, తాళం వేయడం తప్పు.

గ్యాలరీ సంగతి వేరే. పోయినేడు నిలబడింది కదా, ఈ ఏడూ నిలబడుతుంది అన్న ధీమా ప్రమాదకరం. 2021 మార్చి 22న సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల ప్రారంభం రోజునే ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. మరుసటి ఏడాది మార్చి 19న కేరళలోని మలప్పురం జిల్లా వండూరు దగ్గర సెవెన్స్ ఫుట్‌బాల్ పోటీలో తాత్కాలిక గ్యాలరీ కూలి గాయపడినవారు దాదాపు రెండు వందల మంది. ఐదు వందల మంది కూర్చుంటే, మనిషికి 65 కిలోల చొప్పున 32 టన్నులు దాటుతుంది. పది టన్నుల మామిడి లారీలు మూడు కలిపి బాదుల మీద నిలిపినట్టు. పైగా లారీ గోల్ పడగానే ఎగరదు. ఎగిరి దిగే క్షణంలో మనిషి పాదాలు మోపే బలం అతని బరువుకు రెట్టింపు దాటగలదు, అదీ అందరూ ఒకే క్షణంలో. నిలువు గుంజలు ఆ బరువును కిందికి మోయగలిగినా, పక్కలకు ఊగినప్పుడు నిలబెట్టేవి ఏటవాలు కట్లే. సరుగుడు బాదులు చాలలేదని మొదట మానేసేవీ అవే. వాన పడి నేల మెత్తబడితే గుంజ దిగబడుతుంది, బరువు పక్క గుంజ మీదికి పోతుంది, అక్కణ్నుంచి వరసగా కూలుతుంది. పోయినేడు నిలబడడం పోయినేటి నేలకూ పోయినేటి జనానికీ మాత్రమే రుజువు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది: క్రమశిక్షణ లేని జనానికి ఎన్ని గేట్లు పెట్టినా ఇంతేనని. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో 16 మంది మరణించినప్పుడు అభిమానుల కొట్లాట ఉన్నమాట నిజం. కానీ రెండు పక్షాలవారినీ ఒకేచోట కలిపి కూర్చోబెట్టడం అభిమానుల నిర్ణయం కాదు. ఇంగ్లండ్‌లో 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన దారుణానికి 97 మంది బలయ్యారు. తాగి వచ్చిన అభిమానులే కారణమన్న నింద ఏళ్ల తరబడి సాగింది. అప్పటికే నిండిన భాగం వైపు జనం వెళ్లకుండా ఆ దారి మూయకుండానే పోలీసులు గేటు తెరిచారన్నది అసలు కారణం. అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చడానికి 2016 దాకా పట్టింది. పోలీసులను ఎక్కువమందిని దింపితే చాలన్న నమ్మకం కూడా అంతే. 2022 అక్టోబరు 1న ఇండోనేషియాలోని కంజురుహాన్ స్టేడియంలో పోలీసులు బాష్పవాయువు ప్రయోగించాక జనం ద్వారాల దగ్గర ఇరుక్కుని 135 మంది చనిపోయారు. లాఠీ గేటును వెడల్పు చేయదు. ఉచిత ప్రవేశం పెడితే తోపులాట ఉండదనే వారు 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర పోయిన 11 మందిని గుర్తు చేసుకోవాలి. ఉచితమంటే డబ్బు తీసుకోకపోవడమే కావాలి, లెక్కపెట్టకపోవడం కాకూడదు.

ఇన్ని నిబంధనలు పెడితే పల్లెల్లో ఆటలే ఉండవని నిర్వాహకులు అంటారు. వారి కష్టం నాకు అర్థమవుతుంది. చందాలు వసూలు చేసి, సొంత డబ్బు వేసి పోటీలు నడిపేది వాళ్లే. కానీ నేను చెప్పేవాటిలో ఖర్చయ్యేవి తక్కువ. గేటు కొలవడానికి టేపు చాలు. డబ్బు తీసుకోకపోయినా కూపను చించి ఇస్తే లోపల ఎందరున్నారో తెలుస్తుంది. గ్యాలరీకి బదులు ట్రాక్టరుతో మట్టి తోలించి వాలుగా గట్టు కడితే వెనకవాళ్లకు ఆట కనబడుతుంది, కూలే భయం ఉండదు. ప్రహరీలో గేటుకు ఎదురువైపున అంతే వెడల్పున్న రెండో దారి తెరిస్తే బయటపడగల వారి సంఖ్య రెట్టింపవుతుంది. గాలి లేచినా, గీత దగ్గర ఒత్తిడి పెరిగినా ముఖ్య అతిథిని అడగకుండానే ఆట ఆపించే అధికారం ఒక్క మనిషికి ముందే ఇచ్చి, మైకు అతని చేతిలో పెట్టాలి. వీటిలో ఏదీ ఆటను తగ్గించేది కాదు.

ఈసారి మీ ఊరి మైదానానికి పిల్లల్ని తీసుకుని వెళ్లినప్పుడు, స్కోరు అడిగేముందు రెండో గేటు ఎక్కడుందో అడగండి. దానికి తాళం వేసి ఉంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కుని, మ్యాచ్ మొదలయ్యేలోపే తీయించండి.