గప్పీల గదికి గాలి ఎలా వచ్చింది

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కానర్స్‌విల్‌లో ఫిలాండర్ రూట్స్, ఫ్రాన్సిస్ రూట్స్ అనే అన్నదమ్ములు ఉన్ని మిల్లు నడిపేవారు. మిల్లును తిప్పే నీటిచక్రం చాలక, రెండు కొయ్య తమ్మెలు ఒకదాని నడుములో ఒకటి ఒదుగుతూ తిరిగే కొత్త ఏర్పాటు చేశారు. కొయ్య నీటికి ఉబ్బి బిగుసుకుపోయింది. చెక్కి సరిచేసి ఆరుబయట తిప్పి చూస్తుంటే అందులోంచి వచ్చిన గాలివిసురుకు పక్కనున్న పోత కార్ఖానా పెద్ద టోపీ ఎగిరిపోయిందని, ‘ఇది నీటిచక్రంగా పనికొస్తుందో లేదో గానీ కొలిమికి మాత్రం భేషు’ అన్నాడని ఒక కథ ఉంది. టోపీ సంగతి నిజమో కల్పితమో, 1860లో ఆ అన్నదమ్ములకు పేటెంటు వచ్చిన మాట నిజం. రూట్స్ బ్లోయర్ పుట్టుక అది.

అందులో రెండు తమ్మెలు ఒకదాన్నొకటి తాకకుండా ఎదురెదురుగా తిరుగుతాయి. తాకకుండా చూసేవి బయటున్న పళ్లచక్రాలు. తమ్మెకూ గోడకూ మధ్య చిక్కిన గాలి చుట్టూ తిరిగి అవతల బయటపడుతుంది. గాలి నడిచే గదిలో నూనె అక్కరలేదు గనక వచ్చే గాలికి జిడ్డు అంటదు. కొలిములకు గాలి ఊదిన ఈ యంత్రాన్ని 1870లో ఆల్‌ఫ్రెడ్ బీచ్ అనే ఆయన న్యూయార్క్ బ్రాడ్‌వే కింద తవ్విన సొరంగంలో వాడారు. దాదాపు 95 మీటర్ల ఆ సొరంగంలో ఒకే ఒక్క రైలుపెట్టెను మనుషులతో సహా గాలితోనే నెట్టారు. ఆ రైలు ఎక్కువ కాలం నడవలేదు. బ్లోయర్ మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది. విశాఖ దగ్గర భీమిలి తీరం వెంబడి రొయ్యపిల్లల హేచరీల్లో పగలూ రాత్రీ హోరుమనేది చాలాచోట్ల అదే. పెద్ద గొట్టం, దాన్నుంచి చిన్న గొట్టాలు, ప్రతి తొట్టిలోనూ బుడగలు. 1980ల చివర్లో సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ ఎంపెడా విశాఖలో టాస్పార్క్ అనే హేచరీ పెట్టినప్పటి నుంచి మన తీరానికి ఈ ఏర్పాటు కొత్త కాదు.

ఇప్పుడు ఆ గొట్టాల ఏర్పాటే బుల్లి రూపంలో ఇళ్లలోకి వచ్చింది. మేడ మీది గదిలో ఇనుప రాకు పెట్టి ఇరవై ముప్ఫై తొట్లలో గప్పీలనో ఫైటర్లనో డిస్కస్‌లనో పెంచి పిల్లలు తీయించేవాళ్లు తొట్టికొక ఆక్సిజన్ మోటారు పెట్టే పని మానేసి, ఒకే పంపు, ఒకే గొట్టంతో పని కానిస్తున్నారు. ఇక్కడికి రావడానికి అక్వేరియం ఒక పెద్ద చుట్టు తిరిగింది.

1850లో లండన్ రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్, చేపలు, నత్తలు, నీటిమొక్కలు కలిపి ఉంచితే గాజుతొట్టిలో నీరు చాలాకాలం చెడకుండా ఉంటుందని కెమికల్ సొసైటీకి నివేదించారు. మొక్క ఆక్సిజన్ ఇస్తుంది, చేప దాన్ని వాడుకుంటుంది. లెక్క సరిపోయింది. 1853లో లండన్ జూలో చేపల భవనం తెరిచారు. ఆపైన అక్వేరియం పిచ్చి ఇంగ్లండును పట్టుకుంది. అయితే మొక్కల లెక్క తొట్టిలో చేపలు కొద్దిగా ఉన్నంతవరకే. జనం ఎక్కువ చేపలు చూడాలంటారు, చేపలు ఎక్కువైతే మొక్క చాలదు.

ఆ చిక్కును విలియం ఆల్‌ఫర్డ్ లాయిడ్ తీర్చారు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర ఆయన రూపొందించిన అక్వేరియంలో జనం చూసే తొట్లకంటే వాటి కింద చీకట్లో ఉన్న జలాశయం ఎన్నో రెట్లు పెద్దది. పంపులు ఆ నీటిని నిరంతరం పైకి తోస్తాయి, తొట్లలోంచి అది మళ్లీ కిందికి దిగుతుంది. దారిలో గాలి తగులుతుంది. నేపుల్స్‌లో ఆంటన్ డోర్న్ పరిశోధనశాల అక్వేరియానికీ ఆయన చెయ్యి పడింది. గొప్ప ఆలోచనే. కాకపోతే అన్ని తొట్లదీ ఒకే నీరు. ఒక తొట్టిలో తెగులు పుడితే ఆ నీటి వెంట ఊరంతా తిరుగుతుంది. నేటి ఇంటి పెంపకందార్లు ఈ చోటే లాయిడ్‌తో విడిపోతారు. వాళ్లు నీటిని పంచుకోరు, గాలినే పంచుకుంటారు. ఒక తొట్టిలో తెల్లమచ్చల జబ్బు వస్తే ఆ తొట్టి వరకే మందు వేసుకోవచ్చు. బుడగలు పగిలి చిమ్మే తుంపర పక్కతొట్టిలో పడకుండా మూత పెట్టడం ఒక్కటే అదనపు జాగ్రత్త.

గాలి పంచితే నీరు ఎలా శుభ్రపడుతుందన్న ప్రశ్నకు జవాబు ఒక గనిలోంచి వచ్చింది. 1797లో జర్మన్ గని ఇంజనీరు కార్ల్ లోషర్, నీళ్లలో నిలబెట్టిన గొట్టం అడుగున గాలి వదిలితే నీరు పైకి లేస్తుందని చూపించారు. గాలీ నీరూ కలిసిన మిశ్రమం మామూలు నీటికంటే తేలిక. చుట్టూ ఉన్న బరువు నీరు దాన్ని పైకి నెడుతుంది. ఇప్పటి స్పాంజి ఫిల్టర్‌లో కదిలే భాగమంటూ ఏదీ లేదు. నిలువు గొట్టంలో బుడగలు లేస్తుంటే వాటి వెంట నీరూ లేస్తుంది, ఆ లోటును పూడ్చుకోవడానికి స్పాంజి గుండా కొత్త నీరు లోపలికి వస్తుంది. స్పాంజిలో కాపురమున్న బ్యాక్టీరియా చేపల వ్యర్థంలోని అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇదే పని పెద్ద ఎత్తున, మురుగునీటి మీద, 1914లో మాంచెస్టర్‌లో ఆర్డర్న్, లాకెట్ చేసి చూపారు. నీటిలోకి గాలి ఊది బ్యాక్టీరియాతో మురుగు తినిపించడం నేటికీ మున్సిపాలిటీల పద్ధతే.

బుడగలోంచి ఆక్సిజన్ నేరుగా నీటిలో కరుగుతుందని చాలామంది అనుకుంటారు. కొంత కరుగుతుంది, ఎక్కువ కాదు. సెకనుకు దాదాపు 25 సెంటీమీటర్లు లేచే బుడగకు అర మీటరు నీటిలో రెండు సెకన్ల ఆయుష్షే. అసలు పని నీటిని కదపడం. అడుగున ఆక్సిజన్ తగ్గిన నీరు పైకొచ్చి గదిలోని గాలిని ముట్టుకోవాలి. నీటి ఉపరితలం చేసే ఈ వ్యాపారం వేసవిలో గట్టి పరీక్షకు గురవుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే, 30 డిగ్రీలకు అది 7.5కు దిగుతుంది. అదే వేడిలో లీటరు గాలిలో దాదాపు 270 మిల్లీగ్రాములుంటుంది. చేప బతుకు ఎంత పొదుపుగా సాగాలో ఈ రెండంకెలే చెబుతాయి.

ఇక పంపు. చిన్న డబ్బా పంపులో ఏసీ కరెంటుకు ఒక అయస్కాంతం సెకనుకు యాభైసార్లు ఊగుతూ రబ్బరు పొరను కొడుతుంది. రాత్రివేళ బుర్రలో దూరే ఆ జుయ్యిమనే రొద అక్కడిదే. ఇరవై డబ్బాలంటే ఇరవై రొదలు, ఇరవై ప్లగ్గులు. లీనియర్ పంపు అదే సూత్రాన్ని కాస్త మర్యాదగా నడుపుతుంది. విద్యుదయస్కాంతాల నడుమ ఒక కడ్డీ ముందుకూ వెనక్కూ కదులుతుంది. దాని చివర పిస్టన్ ఉండొచ్చు, రబ్బరు పొరైనా ఉండొచ్చు. జపాన్‌లో ఇళ్ల మురుగుతొట్లకు గాలి ఊదడానికి ఏళ్ల తరబడి ఆగకుండా నడిచే పంపులు ఇలాంటివే. నిమిషానికి 40 లీటర్లిచ్చేది దాదాపు 40 వాట్లతో సరిపెట్టుకుంటుంది. తొట్టికి మూడు వాట్ల డబ్బా పంపులు ఇరవై పెడితే 60 వాట్లు. ఇరవై తొట్లకు రూట్స్ బ్లోయర్ పెట్టడం మాత్రం డబ్బు దండగ. దాని హోరుకు ఇరుగుపొరుగు ఊరుకోరు.

లెక్క తప్పేది ఎక్కువగా ఒత్తిడి దగ్గర. నీటి లోతు ప్రతి మీటరుకూ సుమారు 9.8 కిలోపాస్కల్ అడుగుతుంది, అంటే 45 సెంటీమీటర్ల తొట్టికి 4.4. రాకులో పైవరసకూ కిందివరసకూ తేడా లేదు, గాలికి బరువు నామమాత్రం గనక తొట్టి ఎత్తు కాదు, నీటి లోతే లెక్క. ఎయిర్ స్టోన్ పెడితే, అందులోనూ సన్నరంధ్రాలది, ఇంకొంత ఒత్తిడి తింటుంది. స్పాంజి ఫిల్టర్‌కు ఆ బాధ తక్కువ. చిన్న పంపుల అట్టపెట్టె మీది లీటర్లు చాలాసార్లు ఎదురు ఒత్తిడి లేనప్పటివి, నీటిలో దించాక అంత రావు. అందుకే తొట్టికి నిమిషానికి లీటరున్నర అనుకుని, మొత్తం మీద సగం అదనంగా చూసి కొనడం మేలు.

లోతు తక్కువున్న తొట్టి గాలినంతా లాగేసుకుంటుంది. కాలువ మొదటి పొలం నిండుగా తాగితే చివరి ఆయకట్టు ఎండినట్టు, లోతైన తొట్టిలో బుడగ మొలవదు. ప్రతి తొట్టికీ ఒక వాల్వు పెట్టి, లోతు తక్కువవాటిని కాస్త బిగించాలి. గొట్టాన్ని ఒక కొసతో ఆపకుండా గది చుట్టూ వలయంగా తిప్పి కలిపేస్తే ఏ తొట్టికైనా గాలి రెండు వైపుల నుంచీ అందుతుంది, కొసకూ మొదటికీ తేడా తగ్గుతుంది. గొట్టం సన్నదైతే ఏ వలయమూ కాపాడదు. వ్యాసం సగమైతే అదే గాలిని పంపడానికి పోయే ఒత్తిడి 32 రెట్లదాకా పెరుగుతుంది. అర అంగుళం పైపుతో పొదుపు చేసి పెద్ద పంపు కొనేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. అంగుళం పీవీసీకి అయ్యే ఖర్చెంతని! మిగులు గాలిని బయటికి వదిలే వాల్వు ఒకటి తప్పకుండా ఉండాలి. అన్ని వాల్వులూ బిగించి పంపును ఉక్కిరిబిక్కిరి చేస్తే అది వేడెక్కి రబ్బరు పొర తొందరగా చిరుగుతుంది.

వలయం తొట్లన్నిటికంటే పైన, సీలింగ్ దగ్గర ఉండాలి. కరెంటు పోయినప్పుడు సన్నగొట్టంలో నీరు తొట్టి మట్టం వరకే ఎక్కి ఆగిపోతుంది. వలయం కింద ఉంటే నీరు సైఫన్ కట్టి పంపులోకి, అక్కణ్నుంచి స్విచ్‌బోర్డు మీదికి రావచ్చు.

గాలిని పంచుకోవడంలో ప్రమాదమూ ఉంది. పంపు ఏ గదిలో ఊపిరి తీసుకుంటే ఆ గదే తొట్లన్నిటిలోకీ వెళ్తుంది. దోమల కాయిల్‌లో, ప్లగ్గుకు పెట్టే దోమల మందు సీసాలో ఉండే పైరెత్రాయిడ్లు మనకు పెద్దగా హాని చేయకపోయినా చేపలకు కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. గోడలకు రంగులేసినా, పురుగుమందు కొట్టినా ఇదే గతి. పీల్చే గొట్టాన్ని ఆ గది బయటికి, పొగా మందూ తగలని చోటికి తీసుకుపోవాలి. దాని మూతికున్న ఫిల్టర్ నెలకోసారి కడగాలి, దుమ్ము పట్టాక లీటర్లు నిశ్శబ్దంగా తగ్గిపోతాయి.

ఒకే పంపు అంటే అది చెడితే ఒకేసారి తొట్లన్నీ ఊపిరాడక తన్నుకుంటాయి. అందుకే అనుభవమున్నవాళ్లు ఒక పెద్ద పంపు బదులు రెండు మధ్యరకానివి కొని, గాలిని వెనక్కి పోనివ్వని చెరొక వాల్వుతో ఒకే వలయానికి కలుపుతారు. ఒకటి ఆగినా రెండోది సగం గాలి ఇస్తుంది, తెల్లారేదాకా చేపలకు అది చాలు. కరెంటే పోతే రెండూ ఆగుతాయి కాబట్టి ఇన్వర్టర్‌లో ఆ రెండింటి 80 వాట్లకు చోటు చూసుకోవాలి. ఫ్యాను ఒకటి తగ్గించుకున్నా సరే. పంపుతోపాటే విడి రబ్బరు పొరల కిట్టు కొని దగ్గర పెట్టుకోవాలి, అవసరమైన రోజున అది ఏ షాపులోనూ దొరకదు.